తీగ లేని ఛార్జరు, ‘ఏమో’ లేని ఫారం

ఫోనును ఒక పలక మీద పెడితే తీగ లేకుండా ఛార్జి ఎక్కడం మీ వయసువాళ్ళకు వింత కాదు. నాకూ కాదు. ముప్పై ఏళ్ళ రిపేరు జీవితంలో నన్ను ఏడిపించింది, అలా పెట్టినా ఎక్కని ఒకే ఒక ఫోను. అది చెడిపోయిన ఫోనయితే దాని గురించి ఇప్పుడు కాగితం ఖరాబు చేసేవాణ్ణి కాదు. ఫోను బాగానే ఉంది. చెడింది నా రిపోర్టు.

నేను హిందూపురంలో బీయస్సీ ఫిజిక్సు చదివాను. ఆ చదువుకు ఉద్యోగం రాలేదు. ఖాళీగా కూర్చోలేక ఇరుగుపొరుగు రేడియోలు విప్పుతూ, తిరిగి బిగిస్తూ ఉండగా వాటిలో కొన్ని పాడటం మొదలుపెట్టాయి. అలా మెకానిక్కునయ్యాను. రేడియోల తర్వాత టీవీలు, టీవీల తర్వాత సెల్‌ఫోన్లు. చివరి పదేళ్ళు హిందూపురంలోనే ఒక ఫోన్ల కంపెనీ సర్వీసు సెంటరుకు ఇన్‌ఛార్జిగా చేసి రిటైరయ్యాను. ఇన్‌ఛార్జి అంటే ఏమిటని పిల్లలడుగుతారు. ఫోన్లు విప్పడం మానేసి, విప్పేవాళ్ళ మీద ఫారాలు నింపే మనిషి.

మా సెంటరులో ఫోను విప్పడంలో అందరికంటే నేర్పరి, మడకశిర నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. తెలుగులో మొదలుపెట్టిన మాటను కన్నడంలో ముగించేది. ట్వీజరు పట్టుకుని వెంట్రుక మందం తీగలను అతికిస్తుంటే పూలు కడుతున్నట్టు ఉండేది. ఆమెది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పనే ఈ కథ.

ఇక ఆ ఫోను సొంతదారు ధర్మవరంలో ఉండే మరొకావిడ. భర్త ఇంట్లోనే మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు, ఆమె అమ్ముతుంది. అంగడి లేదు. ఉన్న అంగడి ఫోనే. వీడియో కాల్‌లో చీర విప్పి కొంగు చూపించి, అంచు చూపించి, వెలుతురులోకి తీసుకుపోయి మళ్ళీ చూపించి, ఎక్కడో ఊళ్ళలో ఉన్న పెళ్ళివారిని ఒప్పించాలి. బేరం మధ్యలో ఫోను ఆగితే షట్టరు దించినట్టే.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ఛార్జింగ్ పిన్ను దూర్చే రంధ్రం నిండా పట్టు నూగు, గంజి పొడి కలిసి సిమెంటులా గట్టిపడి ఉంది. మడకశిరావిడ అదంతా గీకి, ఆ భాగమే మార్చింది. నాలుగు నెలలకు మళ్ళీ అదే జబ్బు, మళ్ళీ మార్చింది. అప్పుడు నాలోని ఫిజిక్సు లేచి కూర్చుంది.

“ఈ ఫోనుకు వైర్‌లెస్ ఛార్జింగ్ కూడా ఉండాదమ్మా. ఒక ప్యాడ్ కొనుక్కో. దాని మీద పెడితే చాలు. రంధ్రమే వాడకపోతే నూగు ఎట్ల పోతాది?” అన్నాను, ఏదో నేనే కనిపెట్టినట్టు.

“తీగ లేకుండా కరెంటు ఎట్ల పోతాది సార్? షాక్ కొట్టదా?”

“కొట్టదు. అంతా అయస్కాంతం మహిమ.”

నా వివరణ అంతటితో అయిపోయింది. వెనక జనం ఉన్నారు, నాకు టీ వేళయింది. ఆ రోజు ఇంకో ఐదు నిమిషాలు కూర్చుని సరిగ్గా చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. ఆవిడే మిగతాది ఆలోచించుకునేది. నేసేవాళ్ళింటి మనిషికి తీగలూ చుట్టలూ నేను నేర్పాలా?

పదిరోజులకు ప్యాడ్‌తో సహా వచ్చింది. “ఫోను కాగిపోతాండాది సార్. ప్యాడ్‌లో ఎర్ర లైటు కొట్టుకుంటాండాది. పొద్దున పెడితే మధ్యాహ్నానికి పావు కూడా ఎక్కడం లేదు.”

మా బల్ల మీద పెట్టాం. పచ్చ లైటు వెలిగింది. రెండున్నర గంటల్లో నిండుగా ఎక్కింది. ఇచ్చి పంపాం. వారానికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ బల్ల, మళ్ళీ పచ్చ లైటు. మూడోసారి కూడా వచ్చింది. ధర్మవరం నుంచి హిందూపురం దాకా మూడుసార్లు వచ్చిన మనిషి ఒక్కసారి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

కంపెనీ రూలు ఏమంటే, ఒకే ఫోను నెలలో మూడుసార్లు తిరిగొస్తే కారణం రాసి పైఆఫీసుకు పంపాలి. మడకశిరావిడ అప్పటికే నా దగ్గరికొచ్చి నిలబడింది.

“సార్, ఈడ ఎక్కుతాండాది, ఆడ ఎక్కడంలే. అంటే రోగం ఫోన్లో లేదు, ఆడేదో ఉండాది. నేను పోయి చూసొస్తా.”

“కస్టమర్ ఇంటికి పోగూడదని రూలుందమ్మా.”

“రూలు సరే సార్. ఫోను సంగతి?”

“రూలు ఫోనుకు కూడా వర్తిస్తుంది,” అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ క్షణంలో కొంచెం మురిసిపోయానని ఒప్పుకోవాలి.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఛార్జి అందుకునే కాయిల్ ఫోను వెనక మూతకు లోపలివైపు అతుక్కుని ఉంటుంది. రంధ్రం మార్చడానికి మూత రెండుసార్లు తీసింది ఆమే. బిగించేటప్పుడు కాయిల్ కనెక్షను వదులుగా ఉండిపోయి, ధర్మవరం ఎండకు వ్యాకోచించి, హిందూపురం చల్లదనానికి సర్దుకుంటూ ఉందేమో! పుస్తకం చదివినవాడి ఊహ ఎంత చక్కగా కుదురుతుందో చూడండి. నేను కనీసం ‘కావచ్చు’ అని రాద్దామనుకున్నాను. కానీ ఆ ఫారంలో రాసే పని లేదు. ఐదు కారణాలుంటాయి, ఒకటి నొక్కాలి. నొక్కందే ఫారం కదలదు. వాటిలో ‘ఏమో’ అనేది లేదు. చివరిది ‘టెక్నీషియన్ పొరపాటు’. నొక్కాను.

వారానికి జవాబు వచ్చింది. నెలాఖరుతో ఆమె కాంట్రాక్టు ముగించమని రెండు వాక్యాలు. ప్రింటు తీసి ఆమె చేతికిచ్చాను. నిలబడే చదివింది. “సరే సార్,” అని కాగితం తిరిగిచ్చి, వరుసలో తర్వాతి ఫోను విప్పడానికి కూర్చుంది. తిడుతుందని నేను నాలుగు సమర్థనలు సిద్ధం చేసుకుని ఉన్నాను. అవి నాలుగూ నా నోట్లోనే ఉండిపోయాయి. అన్నం మీద కూడా రుచి పోయింది.

రెండు రోజుల తర్వాత మోకాళ్ళ నొప్పి అని సెలవు పెట్టి ధర్మవరం బయలుదేరాను. పోగూడదన్న రూలు నాకూ ఉంది కాబట్టి మోకాళ్ళను వాడుకోవాల్సి వచ్చింది. నేరుగా పోయే బస్సు తప్పిపోయింది. పెనుకొండలో దిగి బస్సు మారదామని స్టాండులో నడుస్తుంటే, బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ మడకశిరావిడ కనిపించింది. ఆమె ఆ రోజు రొద్దంలో బంధువుల బిడ్డకు నామకరణమని సెలవు పెట్టింది.

నన్ను చూసి ఒలవడం ఆపింది.

“మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది సార్?”

“తగ్గింది. నామకరణం ఎప్పుడు?”

“అయిపోయింది సార్. పేరు కూడా పెట్టేసినారు.”

“ఏం పేరు?”

ఆమె ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. “అదింకా అనుకోలేదు సార్.”

ధర్మవరం బస్సులో ముందు సీట్లో ఆమె, వెనక సీట్లో నేను కూర్చున్నాం. ఆమె కాయలన్నీ ఒలిచి ముగించింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“నాకైతే కాంట్రాక్టు పోతాండాది, అందుకని పోతాండా. మీకేం పోతాండాదని వస్తాండారు సార్?”

కిటికీలోంచి పెనుకొండ కొండను చూశాను. అంత పాత కొండ కూడా జవాబేమీ అందివ్వలేదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆ వీధిలో అన్ని ఇళ్ళలోనూ మగ్గం చప్పుడే, చీరలమ్మే ఆవిడ మాత్రం గుమ్మంలో ఫోను పట్టుకుని ఎవరికో అంచు చూపిస్తూ ఉంది. మమ్మల్ని చూసి కాల్ పెట్టేసింది.

“ఇద్దరూ వచ్చినారే! ఫోనుకు అంత పెద్ద జబ్బా సార్?”

లోపల ఆమె భర్త మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. తల ఎత్తి, “కూర్చోండప్పా,” అని మళ్ళీ పనిలో పడ్డాడు. మడకశిరావిడ కూర్చోలేదు.

“అక్కా, మీరు దినామూ ఎట్ల పెడతారో అట్లనే పెట్టండి. మేముండామని ఏమీ మార్చొద్దండి.”

ఆవిడ అలమర దగ్గరికి పోయి, మేకుకు తగిలించి ఉన్న ఒక చిన్న సంచి తీసింది. ఎరుపు మీద బంగారు రంగు. ఎరుపు తక్కువ, బంగారం ఎక్కువ. ఫోనును అందులోకి జార్చి, తాడు బిగించి, భక్తిగా ప్యాడ్ మీద పెట్టింది. పచ్చ లైటు వెలిగింది. నేను ఊపిరి పీల్చుకునేలోపు ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలైంది.

మడకశిరావిడ సంచి మీద చెయ్యి పెట్టింది. నేనూ పెట్టాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది.

“ఇది ఎప్పుడు కుట్టినావమ్మా?”

“ప్యాడ్ కొన్న దినమే సార్. ఫోనుకు గీతలు పడకూడదని. చీర కొంగు ముక్క, రెండు మడతలేసి కుట్టినా. బాగుండాదా?”

“బాగుండాది. మరి మా దగ్గరికొచ్చినప్పుడు ఇది లేదే?”

ఆవిడ నన్ను జాలిగా చూసింది. “మీరే కదా సార్ బోర్డు పెట్టినారు, కవర్లు, సిమ్ములు తీసేసి ఫోను ఇవ్వండని. మూడుసార్లూ తీసి, మడిచి, చేతిసంచిలో పెట్టుకోని మీ ఎదురుగానే కూర్చున్నా.”

ఆ బోర్డు రాసింది నేనే. కవర్లు పోయాయని జనం తగాదాకు వస్తున్నారని, ఎర్ర ఇంకుతో, కింద రెండు గీతలు గీసి మరీ రాశాను. రోగిని పరీక్షించే ముందు రోగాన్ని బయట వదిలి రమ్మని చెప్పే డాక్టరు నాలాంటివాడే అయ్యుండాలి.

మడకశిరావిడ సంచి తీసి ఫోనును నేరుగా ప్యాడ్ మీద పెట్టింది. పచ్చ లైటు నిలబడింది. పది నిమిషాల్లో ఛార్జి అంకెలు పెరగడం మొదలైంది. ఆమె నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా ఒక రకం చూపే.

మగ్గం ఆగింది. “నాకర్థమయ్యేటట్ల చెప్పండి సార్,” అన్నాడు భర్త. “గుడ్డ అడ్డమొస్తే ఆగిపోయేది కరెంటు ఎట్లయితాది? ఇద్దరు చదువుకున్నోళ్ళు బస్సెక్కి వచ్చి నా పెండ్లాం సంచి పట్టుకోని చూస్తాండారు, నాకేమీ తెలీడంలే.”

ఈసారి ఎగ్గొట్టే వీల్లేదు. మొదలుపెట్టాను. ప్యాడ్ లోపల రాగితీగ చుట్ట ఉంటుంది, దోమలకు వెలిగించే కాయిల్ ఆకారంలో. ఫోను వీపులో కూడా అలాంటిదే ఇంకోటి ఉంటుంది. ప్యాడ్ చుట్టలో కరెంటు ఒకే దిక్కుకు పోదు. ముందుకీ వెనక్కీ, సెకనుకు లక్షసార్లకు పైగా ఊగుతుంది. దాంతో చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం... ఇక్కడిదాకా వచ్చేసరికి ఆయన కళ్ళలో నేను చదివిన కాలేజీ వెనక బెంచీ కనిపించింది.

మడకశిరావిడ అందుకుంది. “అన్నా, ఒకసారి మగ్గం కొట్టండి.”

ఆయన కొట్టాడు. గోడ అవతల వంటింట్లో గూట్లో ఉన్న స్టీలు గ్లాసులు చిన్నగా గలగలమన్నాయి.

“మీ మగ్గానికీ ఆ గ్లాసులకూ దారం కట్టినారా?”

“ఏంటికి కడతాను?”

“అయినా కదిలినాయి కదా. ఇదీ అంతే. ప్యాడ్‌లో చుట్ట మగ్గం, ఫోన్లో చుట్ట గ్లాసు. ఈడ ఊగితే ఆడ అదురు పుడతాది. ఆ అదురునే ఫోను కరెంటు చేసుకోని బ్యాటరీ నింపుకుంటాది. మగ్గం ఆపి సుమ్నే, ఊరికే కూర్చుంటే గ్లాసు కదలదు. అందుకే కరెంటు ఊగుతానే ఉండాల. గ్లాసు మూడిళ్ళ అవతలుంటే కదలదు. అందుకే ఫోను ఆనించే పెట్టాల.”

“మరి సంచి?”

“మధ్యలో ఇత్తడి తట్టలు వేలాడదీసినారనుకో. ఆ అదురు తట్టలే లాక్కోని మోగుతాయి. గ్లాసు దాకా రాదు.”

మిగిలిన ముక్క నేను చెప్పాను, నా డిగ్రీ పరువు కోసం. జరీ లోహం కదా. ఊగే అయస్కాంతం ముందు లోహం పెడితే అందులోనే కరెంటు సుడి తిరుగుతుంది. దానికి పోవడానికి బ్యాటరీ లేదు కాబట్టి వేడి అయి ఊరుకుంటుంది. ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె కాగేది ఇలాగే. ఆవిడ నెల రోజులుగా ఫోనుకు ఛార్జి పెట్టడం లేదు, జరీకి వంట చేస్తోంది. ఎర్ర లైటు ఆ సంగతే చెప్తోంది, ఏదో లోహం అడ్డమొచ్చిందని. పలుచని నూలుగుడ్డ అయితే ఏమీ కాదు. సన్న అంచు ఉన్నా ఇంతగా కాకపోవచ్చు. రెండు మడతల కొంగు అయ్యేసరికి గిన్నె నిండింది.

భర్త గుంటలోంచి పైకి వచ్చాడు. సంచి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“అంటే సార్, ఇది ప్లాస్టిక్ జరీ అయితే కాగదా?”

“ఖాయంగా చెప్పాలంటే వేరే పరీక్ష ఉండాది గానీ, ప్లాస్టిక్‌ది ఇంతగా కాగదు.”

ఆయన భార్య వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టాడు. “వింటివా? ఇప్పుడేమంటావు!” ఆవిడా నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటూ. అప్పుడు చెప్పారు. ఆ కొంగు ఒక షావుకారు తిప్పి పంపిన చీరది. ఇది ప్లాస్టిక్ జరీ, నకిలీది అని అందరి ముందరా అని, విసిరేసినంత పనిచేశాడట. ఆవిడ కోపంతో చీర కోసి సంచి కుట్టుకుంది.

“ఆయప్పను పిలిపించి ఈ సంచి పట్టుకోమందామా సార్?” అన్నాడు.

“ప్యాడ్ మీద పెట్టినాకే పట్టుకోమనండి,” అంది మడకశిరావిడ.

వాళ్ళింట్లో అన్నం తిన్నాం. నాకు ఆ రోజు అన్నం రుచి తెలిసింది.

మరుసటి రోజు అసలు పని మొదలైంది. పంపిన ఫారం వెనక్కి రాదు, దిద్దడానికి వీల్లేదు. పైఆఫీసుకు ఫోన్ చేశాను. అవతలి అధికారి నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు.

“మీకెలా తెలిసింది ఇదంతా?”

“ధర్మవరం పోయి చూశాను సార్.”

“రికార్డులో మోకాళ్ళ నొప్పి అని ఉందే?”

“అక్కడికి పోయాక తగ్గింది సార్.”

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత, “పొరపాటు అని ఒకసారి నమోదైతే అది ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి. ఆమె పేరు తీస్తే ఎవరి పేరు పెట్టమంటారు?”

“నాది.”

“ఇన్‌ఛార్జి పొరపాటు అనే కారణమే లేదండీ ఫారంలో.”

“అందుకే ఇన్నాళ్ళూ ఇన్‌ఛార్జిలు పొరపాట్లు చేయలేదు సార్.”

ఆయన నవ్వు దాచుకున్నాడని అనుకుంటాను. లెటరు రాయమన్నాడు. రాస్తే నాకు మెమో వస్తుందని, ఇంకో పదకొండు నెలల్లో రిటైరయ్యేటప్పుడు ఇచ్చే ప్రశంసాపత్రం రాదని కూడా చెప్పాడు. మా ఇంట్లో గోడ ఖాళీ లేదు సార్ అన్నాను. లెటరు రాసి, మడకశిరావిడకు చూపించాను. ఆమె చదివి, “కస్టమర్ ఇంటికి నేను కూడా పోయినానని కలపండి సార్,” అంది. వద్దన్నాను. “నామకరణం కూడా నేనే చేసినా, రాయండి,” అంది. రాశాను.

మెమో మూడు రోజుల్లో వచ్చింది. అలాంటివి తొందరగానే వస్తాయి. ఆమె కాంట్రాక్టు సంగతి మాత్రం రాలేదు. నెల చివరి వారం రోజులూ నేను మెయిల్ తెరుస్తూ, మూస్తూ గడిపాను. ఆమె మాత్రం రోజూ లాగే వచ్చి, రోజూ లాగే పనిచేసింది.

మీలో చాలామంది రేపు ఏదో ఒక ఫారం ముందు కూర్చుంటారు. నేను ఉపదేశించేది ఏమీ లేదు. నాకు తెలిసింది ఒక్కటే. నేను ఊహను నిజమని నొక్కాను, అది ఒక ఇంటి పొయ్యి దాకా పోయింది. అయినా దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి నాకు కొన్ని రోజులు దొరికాయి. మూడుసార్లు కేకలేయకుండా వచ్చిన ఆవిడకు, మగ్గం ఆపి ప్రశ్న అడిగిన ఆయనకు, నా మాట కాదని బస్సెక్కిన మా మడకశిరావిడకు ఆ రోజుల కోసం దండం పెట్టుకుంటాను. తప్పు చేసిన అందరికీ అంత మంచి మనుషులు దొరకరు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం మూడు దాటాక మెయిల్ వచ్చింది. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. ప్రింటు తీసి ఆమె బల్ల మీద పెట్టాను. ట్వీజరు పక్కన పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. మడిచి అన్నం క్యారియరు సంచిలో పెట్టుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

“నన్ను ఒక మాట అనాల్సిందమ్మా,” అన్నాను.

“అనాలనే ఉండాది సార్. శానా ఉండాయి.” ట్వీజరు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “ఇప్పుడు వద్దు. పదిహేడో టోకెను ఆయప్ప గంట నుంచి కూర్చోనుండాడు, పిలవండి.”

కౌంటరు దగ్గరికి పోయి పదిహేడో నంబరును పిలిచాను. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాను.